యాప్ చేయించే కంపెనీని ఎలా ఎంచుకోవాలి: సంతకం పెట్టే ముందు చూసుకోవాల్సినవి

నేను యాప్ టెస్టర్‌ని. యాప్ జనంలోకి వెళ్లే ముందు దాన్ని అన్ని రకాలుగా నొక్కి చూసి, ఎక్కడ ఆగిపోతుందో చెప్పడం నా పని. దాంతోపాటు ఇంకో రకం పని కూడా తరచూ వస్తుంది. ఒక కంపెనీ సగంలో వదిలేసిన యాప్‌ని ఇంకో కంపెనీ చేతిలో పెట్టే ముందు అసలు అందులో ఏముంది, ఏం లేదు అని చూసి రాసివ్వడం. అలాంటి యాప్‌లు తెరిచినప్పుడు కోడ్ మరీ ఘోరంగా ఉండటం అరుదు. ఎక్కువసార్లు కనిపించే ఇబ్బంది వేరు. ప్లే స్టోర్ అకౌంట్ పాత కంపెనీ పేరున ఉంటుంది. సర్వర్ లాగిన్ ఆ కంపెనీలో ఎప్పుడో మానేసిన ఉద్యోగి ఈమెయిల్‌తో ఉంటుంది. సోర్స్ కోడ్‌ని, అంటే యాప్ వెనక ఉన్న ప్రోగ్రాం రాతని, ఓనరు ఒక్కసారి కూడా చూసి ఉండరు. డబ్బు మొత్తం కట్టి కూడా యాప్ తమ చేతికి రాని వాళ్లు వీళ్లు.

అందుకే "మంచి కంపెనీ ఏదైనా ఉంటే చెప్పండి" అని ఎవరడిగినా ముందు ఒక ప్రశ్న అడగమంటాను. రేపు ఈ కంపెనీతో పొసగకపోతే మన యాప్ తీసుకుని మనం బయటికి రాగలమా? మొదటి మీటింగ్‌లోనే దీనికి తడుముకోకుండా జవాబు చెప్పే కంపెనీ మిగతా విషయాల్లోనూ చాలావరకు పద్ధతిగానే ఉంటుంది. "అవన్నీ తర్వాత చూసుకుందాం, మీకెందుకు టెన్షన్" అనే కంపెనీ దగ్గర మాత్రం జాగ్రత్తపడాలి.

ముందు మీకేం కావాలో రాసుకోండి

కంపెనీలను కలవడానికి ముందే రెండు మూడు పేజీల్లో మీకేం కావాలో రాయండి. టెక్నికల్ భాష అక్కర్లేదు. యాప్ ఎవరు వాడతారు, అందులో వాళ్లు చేసే ముఖ్యమైన పనులేంటి, ఒక్కో పని మొదటి నుంచి చివరి దాకా ఎలా నడుస్తుంది, అంతే. "బుకింగ్ ఉండాలి" అని రాస్తే సరిపోదు. అపాయింట్‌మెంట్లు బుక్ చేసుకునే యాప్ అనుకుందాం. ఒకే టైముకి ఇద్దరు నొక్కితే ఎవరికి దొరకాలి? బుక్ చేసుకున్న మనిషి రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి వెళ్లాలా, ఎంత వెళ్లాలి, ఎవరు ఒప్పుకుంటే వెళ్లాలి? ఖాతాలో డబ్బు కట్ అయిపోయి, సరిగ్గా అప్పుడే నెట్ పోతే, ఆ మనిషికి స్క్రీన్ మీద ఏం కనిపించాలి?

జవాబు తెలియని చోట "తెలియదు, అడగాలి" అని రాసేయండి. మొహమాటపడాల్సిన పని లేదు. ఆ చోట్ల ఒక్కో కంపెనీ ఏం సలహా ఇస్తుందో వింటే, అలాంటి యాప్ వాళ్లు నిజంగా చేశారో లేదో తెలిసిపోతుంది. చేసినవాళ్లు వెంటనే ఎదురు ప్రశ్నలు వేస్తారు. చేయనివాళ్లు "అన్నీ చేసేద్దామండీ" అంటారు.

దాదాపు అందరూ మర్చిపోయేది అడ్మిన్ ప్యానెల్. యాప్ వాడేవాళ్లకు కనిపించని, మీరు కూర్చుని నడిపించే భాగం అది. ధర మార్చాలన్నా, తప్పుడు అకౌంట్ ఆపాలన్నా, ఈ నెలలో ఎంతమంది వచ్చారో చూడాలన్నా అదే కావాలి. దాని గురించి మీ కాగితంలో లేకపోతే కంపెనీ ఇచ్చే కోట్‌లో, అంటే పనులు, రేట్లు రాసిన అంచనా కాగితంలో కూడా ఉండదు. పని సగమయ్యాక "అది వేరే ప్రాజెక్టు అండీ" అన్న మాట వినాల్సి వస్తుంది. వాళ్ల వైపు నుంచి చూస్తే ఆ మాటలో తప్పు కూడా లేదు.

అసలు యాప్ అవసరమా అన్నది కూడా ఈ దశలోనే తేల్చుకోండి. మీ సమాచారం చూపించడమే పని అయితే, ఫోన్‌లో చక్కగా తెరుచుకునే వెబ్‌సైట్ చాలు. ఆపిల్ యాప్ స్టోర్ నిబంధనల్లో 4.2 నంబరు దీని గురించే. ఉన్న వెబ్‌సైట్‌నే చుట్టచుట్టి యాప్ అని పంపితే తిప్పి పంపేస్తారు. దాని కిందే 4.2.6 ఉంది. రెడీమేడ్ టెంప్లేట్‌తో తయారైన యాప్‌ని, అందులోని కంటెంట్ ఎవరిదో వాళ్లే తమ అకౌంట్ నుంచి పంపాలి, లేకపోతే తీసుకోరు. చాలా తక్కువ రేటుకి, చాలా తక్కువ రోజుల్లో చేసిస్తామనే కంపెనీని ఈ రెండు నిబంధనల గురించి అడగండి. వాళ్లు చెప్పేదాన్ని బట్టి కొత్తగా రాస్తున్నారా, పాత టెంప్లేట్‌కి రంగు మారుస్తున్నారా అన్నది అర్థమవుతుంది. టెంప్లేట్ వాడటం నేరమేమీ కాదు. ఆ సంగతి మీకు ముందే చెప్పాలి, రేటు కూడా దానికి తగ్గట్టు ఉండాలి.

పేర్లు ఎక్కడ దొరుకుతాయి

"టాప్ టెన్ కంపెనీలు" లిస్టులను నేను పెద్దగా పట్టించుకోను. వాటిలో చాలా చోట్ల డబ్బు కట్టి పైకి ఎక్కే వీలుంటుంది. మీ యాప్ లాంటి యాప్‌లు స్టోర్‌లో వెతికి, నచ్చినవాటి యజమానులను ఎవరితో చేయించారో నేరుగా అడగడం మంచిది. మీకు పోటీ కాని వ్యాపారమైతే చాలామంది సంతోషంగా చెబుతారు. ఇబ్బందిపడ్డవాళ్లయితే ఇంకా వివరంగా చెబుతారు. అలా నాలుగైదు పేర్లు చాలు. పదిహేను కంపెనీలకు ఒకే మెయిల్ పంపితే ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేరు.

ఒంటరిగా పనిచేసే ఫ్రీలాన్సరా, చిన్న కంపెనీయా, పెద్ద కంపెనీయా అని కూడా అడుగుతుంటారు. చిన్న యాప్‌కి మంచి ఫ్రీలాన్సర్ సరిపోతారు. కాకపోతే ఆ ఒక్క మనిషికి ఒంట్లో బాగాలేకపోతే పని ఆగుతుంది. పెద్ద కంపెనీకి మీ ప్రాజెక్టు చిన్నదైతే వాళ్ల దగ్గర కొత్తగా చేరినవాళ్లకు అది నేర్చుకునే పని అవుతుంది. ఐదుగురి నుంచి ఇరవై మంది దాకా ఉండి, యజమాని స్వయంగా కోడ్ తెలిసినవారై ఉన్న కంపెనీలతో నా అనుభవం బాగుంది. ఇది నా అభిప్రాయం మాత్రమే.

వాళ్లు చేసిన యాప్‌ని ఇలా పట్టి చూడండి

ప్రతి కంపెనీ ప్రజెంటేషన్‌లో అందమైన స్క్రీన్‌షాట్లు ఉంటాయి. వాటిని పక్కన పెట్టి, ఇప్పుడు స్టోర్‌లో దొరికే రెండు మూడు యాప్‌ల లింకులు అడగండి. ముందుగా స్టోర్ పేజీ చూడండి. చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ అయింది? ఏడాదికి పైగా అప్‌డేట్ లేకపోతే ఆ కస్టమర్‌తో సంబంధం తెగిపోయి ఉండవచ్చు. ఎందుకని అడగండి. డెవలపర్ పేరు దగ్గర ఎవరి పేరుంది? యాప్ యజమాని పేరున్న చోట ఆ కంపెనీ కస్టమర్లకు వాళ్ల అకౌంట్ వాళ్లకే ఇచ్చిందని అర్థం. అన్ని యాప్‌లూ ఆ కంపెనీ సొంత అకౌంట్‌లోనే ఉంటే రేపు మీ యాప్ కూడా అక్కడే చేరుతుంది. తర్వాత ఒక్క స్టార్ రివ్యూలు చదవండి. "బాగోలేదు" అన్నవి వదిలేయండి. "ఓటీపీ రావట్లేదు", "అప్‌డేట్ చేశాక లాగిన్ అవ్వట్లేదు" లాంటివి చదివి, తర్వాతి అప్‌డేట్లలో ఆ గొడవ ఆగిందో లేదో తేదీలు చూసుకోండి.

ఇక యాప్ డౌన్‌లోడ్ చేయండి. ఇందుకోసం నా దగ్గర ఎప్పుడూ ఒక పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటుంది. మెమరీ తక్కువ, స్క్రీన్ చిన్నది, ఎప్పుడూ నిండిపోయే స్టోరేజ్. కొత్త ఖరీదైన ఫోన్‌లో ఏ యాప్ అయినా బాగానే కనిపిస్తుంది, పాతదానిలోనే పనితనం తెలుస్తుంది. ఏదైనా పొడుగాటి ఫారం ఉన్న స్క్రీన్‌కి వెళ్లి సగం నింపుతాను. అక్కడ ఏరోప్లేన్ మోడ్ ఆన్ చేసి "నెక్స్ట్" నొక్కుతాను. మంచి యాప్ అయితే నెట్ లేదని మామూలు మాటల్లో చెప్పి, నేను నింపినది అలాగే ఉంచి, మళ్లీ ప్రయత్నించే బటన్ ఇస్తుంది. నాసిరకం యాప్‌లో గుండ్రంగా ఏదో తిరుగుతూనే ఉంటుంది. ఇంకా నాసిరకమైతే ఇంగ్లీషులో ఏదో ఎర్రర్ కోడ్ చూపించి మొదటి స్క్రీన్‌కి పంపేస్తుంది. నింపినదంతా పోతుంది.

తర్వాత ఓటీపీ కోసం ఎదురుచూసే స్క్రీన్‌లో ఉండగా మెసేజ్ చూడటానికి బయటికి వెళ్లి వస్తాను. తిరిగి వచ్చేసరికి అదే స్క్రీన్ ఉండాలి. నంబరు మళ్లీ అడిగిందంటే ఆ యాప్‌ని ఎవరూ నిజమైన ఫోన్ మీద నిజమైన మనిషిలా వాడి చూడలేదని అర్థం. లొకేషన్ పర్మిషన్ అడిగితే వద్దంటాను. ఏరియా పేరు టైప్ చేసుకునే దారి చూపాలి, ఆగిపోకూడదు. ఫోన్ సెట్టింగ్స్‌లో అక్షరాల సైజు అన్నిటికన్నా పెద్దది పెట్టి మళ్లీ తెరుస్తాను. బటన్ మీద అక్షరాలు సగం తెగిపోతే, చూపు సరిగా లేనివాళ్ల గురించి ఆ కంపెనీ ఆలోచించలేదు. మీ యాప్ వాడేవాళ్లలో అలాంటివాళ్లు తప్పకుండా ఉంటారు. ఆర్డర్ లేదా పేమెంట్ దాకా మాత్రం వెళ్లకండి. అది ఎవరిదో నడుస్తున్న వ్యాపారం, వాళ్లకు దొంగ ఆర్డర్లు పెట్టి ఇబ్బంది పెట్టకూడదు.

ఇదంతా అరగంట పని. ఈ అరగంటలో తెలిసినంత ఏ మీటింగ్‌లోనూ తెలియదు. కనిపించిన లోపాలు రాసుకుని కంపెనీ ముందు పెట్టండి. తప్పు చూపించినప్పుడు వాళ్లు ఎలా మాట్లాడతారన్నది కూడా మీకు కావాల్సిన సమాచారమే. "అవును, ఆ వెర్షన్‌లో అది మిగిలిపోయింది, కస్టమర్ బడ్జెట్ ఆపేశారు" అని చెప్పేవాళ్లు నాకు నచ్చుతారు. "మీ ఫోన్ పాతది" అనేవాళ్లతో తర్వాత కష్టం.

ఇంకో లెక్క అడగవచ్చు. గూగుల్ ప్లే ప్రతి యాప్‌కి క్రాష్ అయ్యే, అంటే ఉన్నట్టుండి మూతపడే రేటు లెక్కగట్టి దాని యజమానికి చూపిస్తుంది. రోజువారీ వాడేవాళ్లలో 1.09 శాతం మందికి మించి క్రాష్ ఎదురైనా, 0.47 శాతం మందికి మించి యాప్ బిగుసుకుపోయినా, స్టోర్‌లో ఆ యాప్ కనిపించడం తగ్గవచ్చు. వాళ్లు నడుపుతున్న ఒక యాప్‌కి ఈ రెండు అంకెలు ఎంతున్నాయో, కస్టమర్ ఒప్పుకుంటే చూపించమనండి. చూపించలేకపోయినా పర్వాలేదు. ఆ అంకెలు ఏంటో తెలియకపోతే మాత్రం వాళ్లు యాప్‌ని విడుదలయ్యాక పట్టించుకోవట్లేదన్నట్టే.

మీటింగ్‌లో ఎవరితో మాట్లాడుతున్నారో చూసుకోండి

మొదటి మీటింగ్‌కి వచ్చేది సాధారణంగా సేల్స్ మనిషి. ఆయన మంచివారే కావచ్చు, మీ యాప్ రాసేది మాత్రం ఆయన కాదు. రెండో మీటింగ్‌లో కోడ్ రాసే సీనియర్ ఒకరు, టెస్ట్ చేసేవాళ్లు ఒకరు ఉండాలని అడగండి. పని వాళ్లే చేస్తారా, బయట వేరేవాళ్లకు ఇస్తారా? మీ ప్రాజెక్టుతో పాటు వాళ్ల చేతిలో ఇంకెన్ని ఉన్నాయి? మధ్యలో డెవలపర్ మానేస్తే పని ఎవరు అందుకుంటారు? టెస్టింగ్‌కి వేరే మనిషి లేరని చెబితే మిగతావన్నీ ఎంత బాగున్నా నేను వెనకాడతాను. రాసినవాళ్లే తమ పనిలో తప్పులు పట్టలేరు. వాళ్లు నొక్కాల్సిన చోటే నొక్కుతారు, జనం అలా నొక్కరు.

టెక్నాలజీ గురించి మీకు లోతుగా తెలియాల్సిన అవసరం లేదు. ఆండ్రాయిడ్‌కి కోట్లిన్, ఐఫోన్‌కి స్విఫ్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలు వాడి విడివిడిగా రాయడం ఒక దారి. గూగుల్ వారి ఫ్లట్టర్, 2015లో ఫేస్‌బుక్ బయటికి తెచ్చిన రియాక్ట్ నేటివ్ లాంటివి వాడి రెండింటికీ ఒకే కోడ్ రాయడం ఇంకో దారి. బుకింగ్, ఆర్డర్లు, సమాచారం లాంటి యాప్‌లకు రెండో దారి చాలా సందర్భాల్లో సరిపోతుంది, ఖర్చూ తగ్గుతుంది. కెమెరా, బ్లూటూత్ పరికరాలు, బరువైన గ్రాఫిక్స్ ఎక్కువగా ఉంటే మొదటి దారి గురించి అడగండి. ఏది చెప్పినా "ఎందుకు ఇది?" అని అడిగి, మీ యాప్‌ని ఉదాహరణగా పెట్టి చెప్పమనండి. తమకు ఒక్కటే వచ్చు కాబట్టి అదే మంచిదనే కంపెనీలు ఉంటాయి. ఇంకా ముఖ్యం, వాళ్లు చెప్పే టెక్నాలజీ ఎక్కువమందికి తెలిసినదై ఉండాలి. జమారిన్ అని ఒకటి ఒకప్పుడు బాగా వాడుకలో ఉండేది. మైక్రోసాఫ్ట్ 2024 మే 1న దానికి సపోర్ట్ ఆపేసింది, దానితో చేయించుకున్నవాళ్లు వేరేదానికి మారాల్సి వచ్చింది. ఎవరికీ తెలియని, ఆ కంపెనీ సొంతంగా తయారుచేసుకున్న ఫ్రేమ్‌వర్క్‌లో, అంటే యాప్ కట్టే చట్రంలో, మీ యాప్ రాస్తామంటే వద్దనే నా సలహా. ఇంకే కంపెనీ దాన్ని ముట్టుకోదు.

కోట్‌లో మొత్తం కంటే వరసలు ముఖ్యం

మూడు కంపెనీలు మూడు అంకెలు పంపిస్తాయి. మన కన్ను నేరుగా కింద ఉన్న మొత్తం మీదికే పోతుంది. దాన్ని చేత్తో మూసి పై వరసలు చదవండి.

ఇద్దరు పంపిన కోట్‌లలో లాగిన్ అన్న ఒక్క భాగాన్నే చూద్దాం. మొదటివాళ్లు "లాగిన్ మాడ్యూల్" అని ఒక వరస రాసి పక్కన గంటలు వేశారు. రెండోవాళ్లు ఇలా రాశారు: ఫోన్ నంబరుతో లాగిన్, ఓటీపీ పంపడం, రాకపోతే కాసేపాగి మళ్లీ పంపే బటన్, వరసగా తప్పు ఓటీపీ కొడితే కొంతసేపు ఆపడం, నంబరు మారినవాళ్లు పాత అకౌంట్‌లోకి రావడం, ఫోన్ పోగొట్టుకున్నవాళ్లను అన్ని పరికరాల్లోనూ లాగౌట్ చేయడం, అకౌంట్ పూర్తిగా డిలీట్ చేసుకోవడం. గంటలు రెట్టింపు ఉన్నాయి. చూడగానే రెండోది ఖరీదనిపిస్తుంది. కానీ ఆ పనులన్నీ ఏ యాప్‌లోనైనా ఉండాల్సినవే. మొదటి కంపెనీ వాటిని తర్వాత ఒక్కొక్కటిగా అదనపు బిల్లు వేస్తుంది, లేదా అసలు చేయదు. చివర్లో ఉన్న అకౌంట్ డిలీట్ సంగతే తీసుకోండి. యాప్‌లో అకౌంట్ తెరిచే వీలుంటే యాప్‌లోనే దాన్ని తీసేసుకునే వీలూ ఉండాలని ఆపిల్ 2022 జూన్ 30 నుంచి పట్టుబడుతోంది. గూగుల్ ప్లేలో కూడా అలాంటి నిబంధన ఉంది. అది లేకపోతే యాప్‌ని తీసుకునే ముందు స్టోర్‌వాళ్లు చేసే రివ్యూలో ఆగిపోతారు.

కాబట్టి మూడు కోట్‌లూ పక్కపక్కన పెట్టి, ఒకరు రాసి ఇంకొకరు రాయనివాటి చుట్టూ గీత గీయండి. ఆ గీతల లిస్టునే అందరికీ పంపించి "ఇవి మీ రేటులో ఉన్నాయా?" అని రాతలో జవాబు అడగండి. నా అనుభవంలో ఈ ఉత్తరం తర్వాత చౌకగా కనిపించిన కోట్ పెరిగి మిగతావాటికి దగ్గరగా వస్తుంది. యాప్ స్టోర్లలో పెట్టడం, రివ్యూలో తిప్పి పంపితే సరిచేసి మళ్లీ పంపడం, ప్రైవసీ పాలసీ పేజీ, యాప్ ఏ సమాచారం తీసుకుంటుందో చెప్పే డేటా సేఫ్టీ ఫారం ప్లే స్టోర్‌లో నింపడం, ఇవన్నీ ఎవరి బాధ్యతో కూడా ఇదే ఉత్తరంలో తేల్చుకోండి.

నెలనెలా వచ్చే ఖర్చులు వేరు. సర్వర్, ఎస్సెమ్మెస్‌లు, మ్యాప్‌లు, ఆన్‌లైన్ చెల్లింపులు నడిపే పేమెంట్ గేట్‌వే తీసుకునే శాతం. వాడేవాళ్లు వెయ్యి మంది ఉంటే ఎంత, లక్ష మంది ఉంటే ఎంత అని అంచనా వేయించుకోండి. యాప్‌లో డిజిటల్ వస్తువులు, అంటే కోర్సులు, సబ్‌స్క్రిప్షన్లు లాంటివి అమ్మాలనుకుంటే స్టోర్ల కమీషన్ నిబంధనలు కూడా ముందే మాట్లాడాలి. వ్యాపారం లెక్కే మారిపోతుంది.

అకౌంట్లు, కోడ్, తాళాలు: ఏది ఎవరి పేరున

ఈ భాగాన్ని మాత్రం తొందరపడి దాటేయకండి. గూగుల్ ప్లే డెవలపర్ అకౌంట్‌కి ఒక్కసారి కట్టే ఫీజు 25 డాలర్లు. ఆపిల్ డెవలపర్ ప్రోగ్రామ్‌కి ఏడాదికి 99 డాలర్లు. యాప్ ఖర్చులో ఇవి చాలా చిన్న మొత్తాలు. వీటిని మీ పేరున, మీ ఈమెయిల్‌తో, మీ కార్డుతో మీరే తెరవండి. సంస్థ పేరున తెరవాలంటే రెండు చోట్లా డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్ అనే కంపెనీ సంస్థలను గుర్తించడానికి ఇచ్చే డీయూఎన్ఎస్ నంబరు అడుగుతారు. అది రావడానికి, వెరిఫికేషన్ అవ్వడానికి సమయం పడుతుంది కాబట్టి, కంపెనీలను వెతుకుతున్నప్పుడే ఆ పని మొదలుపెట్టండి. తర్వాత కంపెనీవాళ్లను ఆ అకౌంట్‌లోకి యూజర్లుగా పిలిచి, వాళ్ల పనికి కావాల్సినంత అనుమతే ఇవ్వవచ్చు. పాస్‌వర్డ్ ఇవ్వాల్సిన అవసరం ఎక్కడా రాదు. పాస్‌వర్డే కావాలని పట్టుబడితే ఎందుకో అడగండి.

ప్లే స్టోర్‌లో వ్యక్తిగత అకౌంట్ తెరిచేవాళ్లకు ఇంకో నిబంధన ఉంది. 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత అకౌంట్ అయితే, యాప్‌ని అందరికీ విడుదల చేసే ముందు కనీసం 12 మంది టెస్టర్లతో వరసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్ట్, అంటే పిలిచినవాళ్లకే యాప్ దొరికే టెస్ట్, నడపాలి. కంపెనీ ఇచ్చిన షెడ్యూల్‌లో ఆ రెండు వారాలు ఉన్నాయా చూడండి. లేకపోతే వాళ్లు ఈ మధ్య కొత్త అకౌంట్‌తో యాప్ పెట్టి ఉండరు.

యాప్ కంపెనీ అకౌంట్‌లో ఉండిపోతే ఏమవుతుందో చెబుతాను, ఎందుకంటే ఈ ముడి విప్పమనే నా దగ్గరకు ఎక్కువమంది వస్తారు. యాప్‌ని ఒక అకౌంట్ నుంచి ఇంకో అకౌంట్‌కి మార్చే వీలు ప్లే స్టోర్‌లోనూ, యాప్ స్టోర్‌లోనూ ఉంది. అలా మారిస్తే రేటింగులు, రివ్యూలు, వాడేవాళ్లు అందరూ మీతోనే వస్తారు. కానీ ఆ మార్పు మొదలుపెట్టాల్సింది పాత అకౌంట్ యజమానే. వాళ్లు ఫోన్ ఎత్తకపోతే మీ చేతిలో ఏమీ లేదు. యాప్‌కి లోపల ఒక ప్యాకేజ్ పేరు ఉంటుంది, ఒకసారి స్టోర్‌లో పెట్టాక అది మారదు, ఇంకెవరూ అదే పేరుతో పెట్టలేరు. అంటే కొత్త పేరుతో కొత్త యాప్ పెట్టి, పాతదాన్ని తీసేసి ఇది వేసుకోండని ఒక్కో కస్టమర్‌ని బతిమాలుకోవాలి. రేటింగులు సున్నా నుంచి మొదలవుతాయి. కష్టపడి సంపాదించుకున్న కస్టమర్లను అలా పోగొట్టుకున్నవాళ్లను చూస్తే బాధేస్తుంది, ఎందుకంటే మొదటి వారంలో తమ పేరున ఒక్క అకౌంట్ తెరిచి ఉంటే ఇదంతా ఉండేది కాదు.

ఆండ్రాయిడ్‌లో సైనింగ్ కీ అని ఇంకొకటుంది. ఈ అప్‌డేట్ నిజంగా అదే యాప్ యజమాని పంపారని రుజువు చేసే డిజిటల్ తాళం. 2021 ఆగస్టు నుంచి కొత్త యాప్‌లకు అసలు తాళం గూగుల్ దగ్గరే భద్రంగా ఉంటుంది. డెవలపర్ వాడేది అప్‌లోడ్ కీ. అది పోయినా అకౌంట్ యజమాని మార్పించుకోవచ్చు. అంతకుముందు పద్ధతిలో ఆ తాళం పోతే యాప్‌ని ఇక అప్‌డేట్ చేసే వీలే ఉండేది కాదు. మీది పాత యాప్ అయి ఇప్పుడు కంపెనీ మారుస్తుంటే, ఆ తాళం ఉన్న ఫైలు, దాని పాస్‌వర్డ్ ముందు చేతికి తీసుకుని ఆ తర్వాతే మారుతున్న మాట చెప్పండి.

సోర్స్ కోడ్ కోసం గిట్‌హబ్ లేదా గిట్‌ల్యాబ్ అనే కోడ్ దాచే వెబ్‌సైట్‌లో మీ పేరున ఒక ప్రైవేట్ రిపాజిటరీ, అంటే మీరు అనుమతించినవాళ్లకే కనిపించే కోడ్ అర, తెరిచి, మొదటి రోజు నుంచే అందులోకి కోడ్ పెట్టమనండి. "చివర్లో జిప్ ఫైల్ ఇస్తాం" అంటే ఒప్పుకోకండి. రోజూ కోడ్ చేరుతుంటే, మీకు అది చదవడం రాకపోయినా పని నడుస్తోందో లేదో తేదీలు చూసి తెలుసుకోవచ్చు. సర్వర్, గూగుల్ వారి ఫైర్‌బేస్ సర్వీస్, డొమైన్ (వెబ్‌సైట్ పేరు), ఎస్సెమ్మెస్ సర్వీస్, పేమెంట్ గేట్‌వే కూడా అంతే. మీ అకౌంట్, వాళ్లకు అనుమతి.

ఒప్పందంలో

కోడ్ మీద హక్కు మీదేనని స్పష్టంగా రాయించుకోండి. డబ్బు కట్టాం కాబట్టి మనదే అనుకుంటాం. చాలా దేశాల కాపీరైట్ చట్టాల్లో బయటి కంపెనీ రాసిన కోడ్ మీద హక్కు, రాతపూర్వకంగా బదిలీ చేస్తేనే మీకు వస్తుంది. వాళ్లు అంతకుముందే రాసుకున్న, అందరికీ వాడే భాగాలు వాళ్లవే అంటారు. అది న్యాయమే. వాటిని మీ యాప్‌లో ఎప్పటికీ వాడుకోవడానికి, మార్చుకోవడానికి మీకు అనుమతి ఉందని మాత్రం రాయాలి. ఒక వకీలుకి ఒకసారి చూపించడం మంచిది.

డబ్బు తేదీల ప్రకారం కాకుండా పని ప్రకారం కట్టండి. "రెండో నెల వాయిదా" అనే మాట ఉండకూడదు. "లాగిన్, బుకింగ్ పూర్తయి, మా ఫోన్‌లో పనిచేసిన తర్వాత" అని ఉండాలి. అడ్వాన్స్ మూడో వంతు దాటకుండా చూసుకోండి. చివరికి ఐదో వంతైనా మీ దగ్గర మిగలాలి. మధ్యలో మీరు ఆలోచన మార్చుకుంటే దాని రేటు ఎలా లెక్కగడతారో కూడా రాయించండి. మార్పులు తప్పకుండా వస్తాయి, అవన్నీ ఉచితంగా చేయమనడం అన్యాయం. ప్రతి రెండు వారాలకు నడిచే యాప్ మీ ఫోన్‌లోకి రావాలని షరతు పెట్టండి. ఐఫోన్‌కి ఆపిల్ వారి టెస్ట్‌ఫ్లైట్ ద్వారా పంపుతారు, అందులో పంపిన ఒక్కో వెర్షన్ 90 రోజులు పనిచేస్తుంది.

విడుదల తర్వాతి సంగతీ ఇక్కడే తేలాలి. యాప్ ఒకసారి చేయించి వదిలేసేది కాదు. గూగుల్ ప్లే ప్రతి ఏడాదీ కొత్త ఆండ్రాయిడ్ వెర్షన్‌కి తగ్గట్టు యాప్‌లు మార్చమంటుంది, గడువు సాధారణంగా ఆగస్టు చివర. ఆ మార్పు చేయకపోతే కొత్త అప్‌డేట్లు తీసుకోదు. ఆపిల్ వైపు కూడా ఏటా ఇలాంటివే ఉంటాయి. ఉచిత బగ్ (లోపాల) సపోర్ట్ ఎన్ని నెలలు, బగ్ ఏది, కొత్త ఫీచర్ ఏది, పేమెంట్ ఆగిపోతే ఎన్ని గంటల్లో స్పందిస్తారు, ఏటా వచ్చే అప్‌డేట్‌కి ఎంత తీసుకుంటారు, ఈ నాలుగూ రాయించండి.

చిన్న పనితో మొదలుపెట్టి చూడండి

ఇద్దరి మధ్య తేల్చుకోలేకపోతే మొత్తం యాప్ ఇవ్వకుండా, డబ్బు కట్టి ఒక చిన్న పని ఇద్దరికీ ఇవ్వండి. ముఖ్యమైన ఒక్క పనికి సంబంధించిన నాలుగైదు స్క్రీన్లు, నొక్కితే కదిలే డిజైన్‌గా. ఉచితంగా చేయమని అడగకండి, ఉచితంగా చేసిన పనిలో వాళ్ల అసలు పనితీరు కనిపించదు. చెప్పిన రోజుకి ఇచ్చారా, ఆలస్యమైతే ముందే చెప్పారా, మీరు చెప్పనిది తమంతట తాము అడిగారా అని చూడండి. ఫోన్ చేస్తే ఎత్తకపోయినా పర్వాలేదు, సాయంత్రానికి తిరిగి చేశారా? నేను డిజైన్ అందం కన్నా వీటికే ఎక్కువ మార్కులు వేస్తాను.

అలా ఒకరిని ఎంచుకున్నాక, ఒప్పందంలో ఆఖరి వాయిదాకి ఈ షరతు చేర్చండి. ఆ కంపెనీకి సంబంధం లేని ఇంకో డెవలపర్‌ని ఒక రోజుకి పిలిపించి, మీ రిపాజిటరీలో ఉన్న కోడ్‌ని, అందులో రాసిపెట్టిన సూచనల్ని మాత్రమే ఇస్తారు. ఆ డెవలపర్ తన కంప్యూటర్‌లో యాప్‌ని మొదటి నుంచి తయారుచేసి, మీ ఫోన్‌లో వేసి నడిపించాలి. ఎక్కడైనా ఒక ఫైలో, కీనో లేదని ఆగిపోతే కంపెనీ అది ఇచ్చి సరిచేయాలి. యాప్ తెరుచుకుని లాగిన్ అయిన రోజున చివరి వాయిదా కట్టండి.